చందుర్తి సిపాయిలు, బీచ్ గుర్రాలు

మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో అన్నిటికన్నా కింది మెట్టు ఎప్పుడూ యుద్ధానిదే. పై మెట్ల మీద దేవుళ్లు, దశావతారాలు, పెళ్లివారు, శెట్టిగారి కొట్టు, ఏటికొప్పాక లక్క బొమ్మలు. కింది మెట్టు మీద మాత్రం ఎర్రకోట్ల సిపాయిలు, తలపాగాల రౌతులు, వేలెడంత లేని ఫిరంగులు. పేరంటానికి వచ్చినవాళ్లు తాంబూలం పుచ్చుకుని, వంగి చూసి, "ఇదేటమ్మా, కురుక్షేత్రమా?" అని అడిగేవారు. "కాదు తల్లీ, చందుర్తి యుద్ధం. మా అబ్బాయి చేశాడు" అనేది అమ్మమ్మ. ఆ ఒక్క మాటలో ఆవిడకి ఎంత గర్వమో! నేనూ పక్కనే నిలబడేదాన్ని, ఆ సైన్యంలో సగం గుర్రాలకి రంగు వేసింది నేనేనని ఎవరైనా అడుగుతారేమోనని.

మా మావయ్య ఓడల మీద రేడియో ఆఫీసరు. ఆరేసి నెలలు సముద్రం మీద, తర్వాత కొన్నాళ్లు విశాఖ మహారాణిపేటలో ఇంటి పట్టున. అందరి మేనమామలూ సింగపూర్ నుంచి టేప్‌రికార్డర్లు, సెంటు సీసాలు తెచ్చే ఎనభైల రోజులవి. మా మావయ్య పెట్టెలో వాటి పక్కనే ఎయిర్‌ఫిక్స్ డబ్బాలు ఉండేవి. ఇంగ్లండు రేవుల్లో దిగినప్పుడల్లా కొనేవాడు. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ కాడలకి కాయల్లా వేలాడుతూ అంగుళం ఎత్తు సైనికులు. వాటితో పాటు హంబ్రోల్ ఎనామిల్ రంగులు, ఒక్కో డబ్బా 14 మిల్లీలీటర్లు. మూత మీద నంబరు. 33 నలుపు, 34 తెలుపు, 60 ఎరుపు, 25 నీలం. ఎక్కాలు రాకముందే నాకు ఈ నంబర్లు వచ్చు. చెంచా కాడతో మూత లేపితే వచ్చే ఆ ఘాటు వాసనకి అమ్మమ్మ ముక్కు మూసుకుని, "పెరట్లోకి పొండి ఇద్దరూ" అనేది. పెరట్లో బాదంచెట్టు కింద పాత కుట్టుమిషను బల్ల ఉండేది. నా బడి అక్కడే మొదలైంది.

మొదటి పాఠం రంగు వేయడం కాదు, స్నానం చేయించడం. ఆ మెత్తటి ప్లాస్టిక్ మీద అచ్చులోంచి బయటికి తీయడానికి వాడిన జిడ్డు ఉంటుంది. సబ్బునీళ్లలో పాత పళ్లకుంచెతో తోమి, ఆరబెట్టి, పల్చటి ఫెవికాల్ పూత ఒకటి వేసి, అది గట్టిపడ్డాకే రంగు. లేకపోతే తుపాకీ కాస్త వంగగానే రంగు పెచ్చులూడిపోతుంది. ఆ ఫెవికాల్ పూత మొదట తెల్లగా ఉండి, ఆరేకొద్దీ గాజులా మారుతుంటే నేను రెప్ప వేయకుండా చూసేదాన్ని. కుంచె విషయంలో మావయ్య పట్టుదల వేరు. అందరూ సన్నటి పనికి సున్నా మీద సున్నాల కుంచె కావాలంటారు. ఆయన ఒకటో నంబరు కుంచె ఇచ్చేవాడు. "మొన సూటిగా ఉంటే చాలు అమ్మడూ. కడుపులో కాస్త రంగు నిలవాలి. చిన్న కుంచెలో రంగు బొమ్మ దాకా వచ్చేసరికే ఎండిపోతుంది." మన ఎండకి, మన ఫ్యాను గాలికి అది అక్షరాలా నిజమని ఇప్పటికీ రోజూ తెలుస్తూనే ఉంటుంది.

61 నంబరు డబ్బా ఒకటుండేది. అది ఒంటి రంగు. మూత తీస్తే లేత గులాబీ. ఇంగ్లీషు సైనికుడి మొహానికి, ఫ్రెంచి దొర చేతులకి అది సరిగ్గా సరిపోయేది. సిపాయిల దగ్గరికి వచ్చేసరికి మావయ్య ఆ డబ్బా మూసి పక్కన పెట్టి 62 తీసేవాడు, తోలు రంగు. అందులో చిటికెడు ఎరుపు, సూది మొనంత నలుపు. కలపడం నా వంతు. ఒకసారి కలిపిన రంగుతో అందరికీ వేసేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "పూర్ణా మార్కెట్‌కి వెళ్లి చూసి రా, పది మందిలో ఇద్దరు ఒక్క రంగులో ఉంటారేమో." అమ్మతో కూరలకి వెళ్లినప్పుడు నేను నిజంగానే చూసేదాన్ని. అరటికాయల బళ్ల దగ్గర మూటలు మోసేవాళ్లు నల్లగా నిగనిగలాడుతూ, కొట్లో కూర్చున్నాయన పసిమి ఛాయ, ఆకుకూరలమ్మే అవ్వ ఎండకి కమిలిన చామనఛాయ. చెవుల దగ్గర ఒక రంగు, మెడ వెనకాల ఇంకో రంగు. ఇంటికొచ్చి గుర్తున్నంత వరకు కలిపేదాన్ని. ఆ సిపాయిలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నారు. వరసలో నిలబెడితే ఎర్రకోట్లన్నీ ఒకటే, మొహాలు మాత్రం దేనికదే.

కోట్ల ఎరుపు కూడా డబ్బాలోంచి తీసి అలాగే పూయనిచ్చేవాడు కాదు. ఆ కాలంలో ఇంగ్లీషు మామూలు సైనికుడి కోటుకి మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసిన చవక రంగు, అది ఇటుక ఎరుపు. ఆఫీసరుకి కాచినీల్ పురుగు నుంచి తీసిన ఖరీదైన మెరిసే ఎరుపు. అందుకని సిపాయిల ఎరుపులో కాస్త గోధుమరంగు కలపాలి, ఆఫీసరు ఒక్కడికే 60 నంబరు నేరుగా. బల్ల మీద నిలబెట్టినప్పుడు ఆఫీసరెవరో వెతుక్కోనక్కర్లేదు, కంటికి తగులుతాడు.

గుర్రాల గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పే గుర్రాలుంటాయి కదా, మావయ్య ఊళ్లో ఉంటే మేం ఆ గుర్రాల కోసమే వెళ్లేవాళ్లం. ఎక్కడానికి కాదు, చూడటానికి. ఇసకలో కూర్చుని పిడత కింద పప్పు తింటూ ఆయన చూపించేవాడు. వెనక కాలు ఎక్కడ మడత పడుతుందో, కళ్లెం లాగినప్పుడు మెడ కింద ఏ నరం లేస్తుందో, చెమట పట్టినప్పుడు జీను కింద రంగు ఎలా ముదురుతుందో. తెల్లగుర్రమంటే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండదని నాకు తెలిసింది అక్కడే. మనం తెల్లగుర్రం అనుకునేవాటిలో చాలావరకు పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. చర్మం మాత్రం నల్లగానే ఉండిపోతుంది. అందుకే మూతి దగ్గర, కళ్ల చుట్టూ ఆ బూడిద నలుపు. బొమ్మకి ఆ మూతి నలుపు వేశామా, ప్రాణం వచ్చేస్తుంది. వేయకపోతే అది పెళ్లి ఊరేగింపులో థర్మాకోల్ గుర్రమే.

పాత బొమ్మల్లో, పాత చిత్రాల్లో పరుగెత్తే గుర్రం ముందుకాళ్లు ముందుకీ, వెనకకాళ్లు వెనక్కీ బార చాపి గాల్లో తేలుతుంటుంది. అసలు గుర్రం అలా పరుగెత్తదని 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీసి చూపించాడు. నాలుగు కాళ్లూ నేల వదిలే క్షణంలో అవి పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. ఈ సంగతి చెప్పి మావయ్య నన్ను నీళ్ల అంచున దౌడు తీస్తున్న గుర్రం వైపు చూడమనేవాడు. ఎంత చూసినా కంటికి అందేది కాదు. కానీ అప్పట్నుంచి ఏ బొమ్మగుర్రం కనిపించినా నేను ముందు చూసేది దాని కాళ్లే.

గుర్రానికి రంగు వేసే పద్ధతి ఆయన ఏ రేవులో ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కానీ, అంతకన్నా మంచిది నాకు ఇప్పటిదాకా కనబడలేదు. ముందు గుర్రం ఒంటినిండా లేత రంగు ఎనామిల్. పసుపు కలిసిన మట్టిరంగు అయితే గోధుమ గుర్రానికి, కాస్త ఎరుపెక్కిన రంగు అయితే ఎర్రగుర్రానికి. అది పూర్తిగా ఎండాలి, తొందరపడకూడదు. తర్వాత క్యామెల్ ఆయిల్ ట్యూబులోంచి బర్న్ట్ అంబర్ కొద్దిగా తీసుకుని పైనుంచి కిందిదాకా పులిమేయడమే. ఆ క్షణంలో గుర్రం బురదగుంటలోంచి లేచినట్టు ఉంటుంది. కాసేపాగి పాత నూలుపంచె ముక్క వేలికి చుట్టుకుని మెత్తగా తుడవాలి, వెన్ను మీద నుంచి డొక్కల వైపు, భుజం మీద నుంచి కాలి వైపు, వెంట్రుక ఎటు వాలుతుందో అటే. ఉబ్బెత్తుగా ఉన్న చోట ముదురు రంగు పోయి కింద లేత రంగు వెలుగుతుంది. పల్లంలో, పక్కటెముకల సందున, తొడల మధ్య, జీను కింద ముదురు అలాగే నిలిచిపోతుంది. వేసిన రంగు తీసేస్తుంటే కండలు బయటికి వస్తాయి. మొదటిసారి నా వేలి కింద ఒక గుర్రం డొక్క అలా తేలి వచ్చినప్పుడు నేను పెట్టిన కేకకి వంటింట్లోంచి అమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఆయిల్ ఎండటానికి రోజులు పడుతుంది. ముసురు పట్టిందంటే ఇంకా ఎక్కువ. అప్పటిదాకా ముట్టుకోకూడదు. ఎండాక జూలు, తోక, మోకాళ్ల కింద నలుపు. కొన్నిటికి నుదుటి మీద తెల్లమచ్చ, ఒక కాలికో రెండు కాళ్లకో తెల్లటి మేజోడు. నాలుగు కాళ్లూ, మొహమూ తెల్లగా ఉన్న పంచకల్యాణిని మాత్రం ఒక్కదాన్నే చేయనిచ్చేవాడు, అది రాజుగారి గుర్రం. దళంలో అన్ని గుర్రాలూ ఒకే రంగులో ఉండకూడదనేవాడు. ఒకటి కాస్త ఎరుపు, ఒకటి కాస్త నలుపు, ఒకటి వయసు మళ్లింది. యూరప్‌లో బాకా ఊదేవాడిని చాలా సైన్యాల్లో తెల్లగుర్రం ఎక్కించేవారట. నా చేత తెల్లగుర్రం ఒకటి అందుకోసమే వేయించాడు.

ఇక చందుర్తి. ఈ యుద్ధం మన విశాఖ నుంచే బయల్దేరిందని మా బళ్లో ఎవరూ చెప్పలేదు, మావయ్యే చెప్పాడు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగరం రాజు గెలవడం, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో డేరాలో చనిపోవడం అందరికీ తెలిసిందే. ఆ తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్లతో చెడింది. విశాఖపట్నాన్ని వాళ్ల దగ్గర్నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద పంపాడు. 1758 అక్టోబరులో ఫోర్డ్ దిగింది మన తీరంలోనే. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌తో తలపడ్డాడు.

ఆ యుద్ధంలో బొమ్మలకి రంగు వేసేవాళ్లు ఎన్నటికీ మరిచిపోలేని సంగతి ఒకటుంది. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. ఫోర్డ్ దగ్గర ఉన్న తెల్లసైనికులేమో మనిషెత్తు పెరిగిన చేను చాటున పడ్డారు. ఎర్రకోట్లు కనబడగానే ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు దళం అదేననుకుని తమ బలమంతా అటు తిప్పారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. ఫ్రెంచివాళ్లు తరుముతూ వరస చెదిరిన సమయంలో చేను పక్కనుంచి అసలు దళం బయటపడి పక్కవాటుగా తుపాకులు పేల్చింది. అక్కడితో యుద్ధం తిరిగిపోయింది. ఫిరంగులు, శిబిరం వదిలేసి కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోటనూ పట్టుకున్నాడు. కోస్తాలో ఫ్రెంచివాళ్ల కథ దాదాపు ముగిసిపోయింది. ఒక కోటు రంగు మీద ఇంత నడిచింది. నేను వేస్తున్న ఎరుపు ఏ ఎరుపని మావయ్య ఎందుకంత పట్టుబట్టేవాడో నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ చేను తయారు చేయడం మా ఇద్దరికీ పండగే. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కొని, కత్తిరించి, ముక్కలుగా బల్ల మీద పరిస్తే అచ్చం పండిన చేను. అందులో సైనికుల్ని దాచితే టోపీలు మాత్రమే కనిపిస్తాయి. ఆ బొమ్మలతో చందుర్తి యుద్ధాన్ని ఆటగా ఆడేవాళ్లం. భోజనాల బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి, దుప్పటి కింద పుస్తకాలు పెట్టి మెరకలు, కుట్టుపని టేపుతో కొలతలు. కాల్బలం ఒక వంతుకి ఆరంగుళాలు జరగొచ్చు, గుర్రం పన్నెండు. తుపాకీ దెబ్బకి పాచికలు. నియమాలన్నీ మావయ్య నోటుపుస్తకంలో రాసి ఉండేవి. అమ్మ అన్నాలకి పిలిచేది, మేం మాత్రం ఇంకో వంతు, ఇంకో వంతు అంటూ ఉండేవాళ్లం.

మావయ్య ఎప్పుడూ ఆనంద గజపతి వైపే ఆడేవాడు. కంపెనీవాళ్ల రాతల్లో రాజుగారి సైన్యానికి దక్కింది రెండు మూడు ముక్కలే, అవీ చిన్నచూపుతో రాసినవే. బల్లేలు, విల్లంబులు పట్టుకుని వచ్చిన గుంపు అన్నట్టు. వాళ్ల బొమ్మలు ఏ డబ్బాలోనూ రావు. "ఆ ఇంగ్లీషువాడికి బొత్తాం ఏ రంగో కూడా రాసి పెట్టారు. మనవాడి మొలకి ఏం కట్టుకున్నాడో రాసేవాడు లేడు. అది మనమే చూసి వేయాలి" అనేవాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు మారేది. అందుకే నాకు చిన్నప్పట్నుంచీ ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం ఆ బల్లేలవాళ్లే.

వేరే డబ్బాల్లోని బొమ్మల టోపీలు కోసేసి, టిష్యూ కాగితం ఫెవికాల్‌లో ముంచి తలపాగాలు చుట్టేవాళ్లం. గుండుసూదులు సాగగొట్టి బల్లేలు. బట్టకి ఏం రంగు వేయాలి? అమ్మమ్మ పెట్టెలోంచి పొందూరు ఖాదీ ముక్క ఒకటి తీసి బల్ల మీద పరిచాడు మావయ్య. తెలుపు కాదు, పసుపు కాదు, కొండపత్తి ఎరుపు లోపలెక్కడో ఉన్న కోరా రంగు. అది కలపడానికి మాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. తలపాగాలకి మన తీరంలోనే అద్దిన రంగులు. నీలిమందు నీలం, పటిక వేసి చిరివేరుతో తీసిన ఎరుపు. కొత్త గుడ్డ ఒకరిద్దరికి, మిగతా వాళ్లకి ఎండకి వెలిసినవి. కాళ్లకి మోకాళ్ల దాకా మట్టి, సింహాచలం కొండ పక్క ఎర్రమట్టి. వాళ్లందరినీ వరసలో కాకుండా గుంపుగా నిలబెట్టాం. ఒకడు పక్కవాడితో ఏదో చెబుతున్నాడు. ఒకడు తల తిప్పి ఊరి వైపు చూస్తున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత వేసిన నా బొమ్మలు పనితనంలో వాటికన్నా మెరుగే, అయినా ఆ గుంపు ముందు నిలవవు.

పద్మనాభం యుద్ధం కూడా చేద్దామని నేను చాలాసార్లు అడిగాను. మనకి భీమిలి దాటితే ఆ కొండే కదా. 1794 జులై 10న చిన విజయరామరాజు అక్కడే కంపెనీ సైన్యం చేతిలో తనవాళ్లతో పాటు నేలకొరిగాడు. మావయ్య ఒప్పుకోలేదు. "అది ఆడే యుద్ధం కాదమ్మడూ. గంటలో అయిపోయింది. పోతామని తెలిసే నిలబడ్డారు వాళ్లు. దాని మీద పాచికలేం వేస్తాం?" అన్నాడు. నాకు అప్పుడు కోపం వచ్చింది కానీ, పెద్దయ్యాక నా మాటా అదే. బల్ల మీద పెట్టి గెలుపోటములు తిరగరాయగలిగినవి కొన్నే. మిగతావాటికి చేతనైతే రంగు వేసి నిలబెట్టాలి, అంతే. 1804 సెప్టెంబరు 15న మన తీరం ముందే ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ మీద ఫ్రెంచి ఓడలు విరుచుకుపడ్డ పోరు ఒకటుంది. ఓడల మనిషి కదా, దాని కోసం మావయ్య అగ్గిపుల్లలతో తెరచాప ఓడలు కట్టడం మొదలుపెట్టాడు. సెలవు అయిపోయింది, అవి అలాగే ఉండిపోయాయి.

మన ఊరి గాలి ఈ పనికి కాస్త పరీక్షే. వానాకాలంలో మ్యాట్ వార్నిష్ వేస్తే బొమ్మ మీద పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అందుకని వార్నిష్ పని డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలకే. మావయ్య దగ్గర సీసపు రౌతులు కొన్ని ఉండేవి, చెక్క బీరువాలో. ఒక ఏడాది తీసి చూస్తే కాళ్ల దగ్గర తెల్లటి పొడి. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, మన తేమ కలిసి సీసాన్ని తినేస్తాయి. బాగున్నవాటిని విడదీసి గాలి తగిలేలా పెట్టుకున్నాం. హుద్‌హుద్ వచ్చిన 2014లో మా కిటికీ అద్దాలు పోయాయి, మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న సిపాయిలకి మాత్రం ఏమీ కాలేదు.

ఇప్పుడు నేను వాడేది అక్రిలిక్ రంగులు, నీళ్లతో పని. వాసన లేదు. తడి స్పాంజి మీద బటర్ పేపరు పరిచి దాని మీద రంగు కలుపుకుంటే మన ఎండలో కూడా గంటల తరబడి ఆరదు. బొమ్మలు కూడా పెద్దవయ్యాయి, 28 మిల్లీమీటర్లు. కంప్యూటర్‌లో గీసి ప్రింటరులో తీసేవి వచ్చాయి, కావలసిన తలపాగా కావలసిన తల మీద. బల్లేలవాళ్లకి ఇక టిష్యూ కాగితం అక్కర్లేదు. కానీ గుర్రాలకి మాత్రం ఇప్పటికీ ఆయిల్ ట్యూబు, పాత పంచె ముక్కే.

మావయ్యకి ఎనభై దాటాయి. చూపు తగ్గింది, వేలు వణుకుతుంది, కుంచె పట్టడు. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వస్తే బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లద్దాలు పైకెత్తి, దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. మా అబ్బాయి ఫోర్డ్ అవుతానంటాడు, తాత ఎప్పటిలాగే రాజుగారు. మొన్న వచ్చినప్పుడు నా ఫ్రెంచి ఫిరంగుల వరస చూసి, "వీటిని లాగేదెవరే?" అన్నాడు. గుర్రాలు పెట్టానని చూపించాను. తల అడ్డంగా ఊపాడు. ఆ రోజుల్లో మన నేల మీద ఫిరంగులు లాగింది చాలావరకు ఎద్దులే. మన దారులకి, మన గడ్డికి ఆగేవి అవే. ఆ సంగతి నాకూ తెలుసు, కానీ ఎద్దులు ఎక్కడా దొరకలేదన్నాను.

"దొరక్కపోతే చేసుకుందాం. ముందు రంగులు చూసి రా. మూపురం దగ్గర ఒక రంగు, డొక్కలో ఒక రంగు ఉంటుంది. కాడి రాసుకున్న చోట వెంట్రుక పోయి ఉంటుంది, అది వదలకు" అన్నాడు. వచ్చే ఆదివారం ఆనందపురం అవతల పల్లెలకి వెళ్తున్నాం, అబ్బాయీ నేనూ. మావయ్య కూడా కారులో కూర్చుంటానంటున్నాడు.